నాన్నగారి పెట్టెలో ఇంద్రజాల్ కామిక్స్, ఆదివారం పిల్లకాయలతో వార్తల ముచ్చట

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సింగరాయకొండ దగ్గర ఊళ్ళో టీచరుగా చేస్తున్నారు. నాన్నగారు పోయాక ఆయన ఇనప్పెట్టెలో నూటనలభై దాకా పాత ఇంద్రజాల్ కామిక్స్, అంటే టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు వేసిన ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలు, అడుగున కొన్ని చందమామలు దొరికాయి. వాటిని ఆదివారం పూట ఊరి గ్రంథాలయంలో పిల్లలకి చదివించి, పనిలో పనిగా దేశం సంగతులు మాట్లాడుకుందామని మొదలుపెట్టారు. రెండో వారానికే ఒక పుస్తకం నడిమి పేజీ ఊడొచ్చింది. మూడో వారం ఒక పిల్లాడి తండ్రి వచ్చి "పిల్లకాయలకి రాజకీయాలు ఎందుకు టీచరమ్మా" అని గుమ్మంలో నిలబడ్డాడు. పుస్తకాలు పాడవకుండా ఎట్లా, జిరాక్సులు తీసి పంచొచ్చా, ఆ తండ్రికి ఏం చెప్పాలి, ఇవీ మీరు అడిగినవి. చివర్న ఇంద్రజాల్ 123, 124 నంబర్ల సంచికలు మీ దగ్గర లేవని, నా దగ్గరుంటే చెప్పమనీ రాశారు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మేం మాత్రం గార్డులమే. పుట్టింది బిట్రగుంటలో, ఆవిరి ఇంజన్ల షెడ్డు బతికున్న రోజుల్లో. నాన్న ఫైర్‌మన్. పక్క క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారి కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ గోనెసంచెడు కామిక్స్ మా అమ్మకి ఇచ్చిపోయింది, పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తాయని. మా అమ్మ నాలుగైదు రాజేసింది కూడా. మిగిలినవి నాకు దక్కాయి. తర్వాత మద్రాసు డ్యూటీ పడినప్పుడల్లా పాత పుస్తకాలు దొరికే మూర్ మార్కెట్‌లో దిగేవాణ్ణి, 1985 మే 30న అది తగలబడేదాకా. ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. 2014 నుంచి మా మేడమీద గదిలో ఆదివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి మీరు చేస్తున్న పనే చేస్తున్నాను. మీకు ఎదురైనవన్నీ నాకూ ఎదురయ్యాయి.

ముందు పుస్తకాల ఆరోగ్యం చూద్దాం. మిగతావి వచ్చే నెల ఆలోచించినా కొంప మునగదు. ఇవి మాత్రం ప్రతి ఆదివారం కొంచెం కొంచెంగా పోతున్నాయి.

ఇంద్రజాల్ లోపలి కాగితం న్యూస్‌ప్రింట్ జాతిది. కొయ్యగుజ్జులో ఉండే లిగ్నిన్‌కి వెలుతురూ గాలీ తగిలేకొద్దీ కాగితం పచ్చబడుతుంది, లోపల ఆమ్లం పుడుతుంది, చివరికి అప్పడంలా విరుగుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం. మన సముద్రం ఒడ్డు తేమ దానికి తోడు. నడిమి పేజీ ఊడింది అన్నారే, అది పిల్లల తప్పు కాదు, పిన్ను తప్పు. ఇనప పిన్ను తుప్పుపట్టి తన చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తుంది. పుస్తకాన్ని సరిగ్గా నడిమికి తెరవండి. పిన్ను కాళ్ళ కింద పాత పోస్టుకార్డు ముక్క దూర్చి, పల్చటి చాకు మొనతో ఒక్కో కాలూ నిటారుగా లేపండి. కాగితానికి ఆనేది కార్డే కావాలి, చాకు కాదు. రెండు కాళ్ళూ నిలబడ్డాక వెనక నుంచి మెల్లగా లాగేయండి. మళ్ళీ పిన్ను కొట్టొద్దు. అవే బెజ్జాల్లోంచి తెల్ల నూలుదారం పోనిచ్చి లోపలివైపు వదులుగా ముడి వేయండి. బిగిస్తే దారమే కాగితాన్ని కోస్తుంది. మా ఇంట్లో ఈ పని మా ఆవిడ చేస్తుంది. పూలు కట్టే చెయ్యి కాబట్టి నాకంటే బాగా కుదురుతుంది.

సెల్లో టేపు వేయొద్దు. పదేళ్ళకి టేపు ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. తొంభైల్లో నేను మోజుపడి మూడు పుస్తకాల అట్టలు లామినేషన్ చేయించి, గర్వంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఇవాళ వాటిలో బుడగలూ, గోధుమరంగు మచ్చలూ. తీయలేను, చూడలేను. నోటు పుస్తకాలకి వేసే మెత్తటి పీవీసీ అట్టలకి ఒక వాసన ఉంటుంది చూడండి, ఆ వాసన వచ్చేదేదీ కామిక్స్ దగ్గరికి రానీయకండి. అట్టమీది రంగు దానికి అంటుకుపోతుంది. బట్టల కొట్లో చొక్కాకి ఇస్తారే గలగలలాడే కవరు, అది పాలీప్రొపిలీన్. అది మంచిది, చవక కూడా. కలరా ఉండలు వేయకండి, పిల్లలు మొహం పెట్టి చదివే పుస్తకాలు అవి. పెట్టెని గోడకి ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టండి చాలు. నెలకోసారి తెరిచి చూస్తుంటే చెదలైనా, ఆ వెండిరంగు పురుగైనా ముందే కనపడుతుంది.

నీళ్ళ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల్లో తుఫాను రాని నవంబరు తక్కువ. 2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చినప్పుడు నా పుస్తకాల్లో సగం, డెబ్భై దాకా, కోవూరులో మా అక్క ఇంట్లో ఉన్నాయి. హైవే తెగింది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. జన్మంతా ఆ పట్టాల మీద తిరిగినవాణ్ణి, ఆ ఫోటో చూసి అన్నం సయించలేదు. నేను కోవూరు చేరేసరికి మూడో రోజు. పెట్టె మూత తీస్తే పుస్తకాలు కావు, ఒకే దిమ్మ. తడిసిన కాగితానికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. డెబ్భై పుస్తకాలు ఒకేసారి ఆరబెట్టడానికి చోటూ లేదు, కరెంటూ లేదు.

మా మేనల్లుడు రొయ్యలు కొనే వ్యాపారం చేస్తాడు. వాడే అన్నాడు, "మామా, చెడిపోకుండా ఉండాలంటే గడ్డ కట్టించడమే కదా" అని. నిజమే, పెద్ద పెద్ద గ్రంథాలయాలు చేసే పనే అది. గడ్డకడితే బూజు ఆగుతుంది, మనకి టైము దొరుకుతుంది. విడదీయడానికి పెనుగులాడకుండా, వచ్చినవాటిని వచ్చినట్టు రెండేసి మూడేసి బటర్ పేపర్‌లో చుట్టి, కవర్లలో పెట్టి, జనరేటరు మీద నడుస్తున్న రొయ్యల ఫ్రీజర్లో పడేశాం. తర్వాత మూడు నెలలకి పైగా, వారానికి అయిదు చొప్పున బయటికి తీసి, ఫ్యాను కింద, అచ్చులేని తెల్ల కాగితాలు పేజీల మధ్య పెట్టి, నాలుగు గంటలకోసారి కాగితం మార్చి ఆరబెట్టాను. ఎండలో పెట్టొద్దు, వంకర్లు తిరుగుతాయి. లోపలి న్యూస్‌ప్రింట్ బాగానే బతికింది. నునుపు అట్టలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని పోయాయి. మొత్తం మీద పదమూడు పోయాయి. మిగిలినవాటిలో నాలుగైదు ఇప్పటికీ కొంచెం రొయ్యల వాసన వేస్తాయి. పిల్లకాయలు వాటికోసమే పోట్లాడుకుంటారు.

అందుకని అన్నీ పిల్లల చేతికి ఇవ్వకండి. ఇప్పటికే బాగా నలిగిన పదో పన్నెండో విడిగా తీసి అవి చదువుకోవడానికి వాడండి. మిగతావి చూడ్డానికి మాత్రమే. స్కాన్ చేసుకుంటే మంచిది, లోపలి పేజీలకి 300 డీపీఐ చాలు, అట్టలకి 600 పెట్టండి. పేజీ వెనక నల్ల చార్టు ముక్క పెడితే అవతలివైపు అచ్చు ఇవతలకి కనపడదు. ఈ ఒక్క చిట్కా నాకు నాలుగేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

ఇక జిరాక్సుల మాట. వద్దమ్మా. నాన్నగారు కొన్న పుస్తకం మీది, చదవొచ్చు, చదివించొచ్చు, అరువివ్వొచ్చు. భద్రం కోసం మీకు మీరు స్కాన్ చేసుకోవడం సొంత వాడకం కిందికొస్తుంది. పుస్తకం మొత్తం కాపీలు తీసి పంచడం వేరే సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. ముసుగు వీరుడు ఫాంటమ్‌నీ మాంత్రికుడు మాండ్రేక్‌నీ పుట్టించిన లీ ఫాక్ పోయింది 1999లో. మాండ్రేక్ 1934 నాటివాడు, ఫాంటమ్ 1936 నాటివాడు, అంత పాత కథలు గదా అనుకుంటాం. కానీ అమెరికాలోనే ఆనాటి పత్రికల్లో వచ్చినవాటికి 95 ఏళ్ళ లెక్క నడుస్తుంది. మొదటి మాండ్రేక్ స్ట్రిప్పుకి కూడా 2030 రావాలి. మన పెట్టెల్లో ఉన్నవి చాలావరకు అంతకంటే ఎంతో తర్వాతివి. క్లాసులో పాఠం చెప్పడం కోసం తీసే కాపీలకి చట్టంలో వెసులుబాటు ఉంది, ఢిల్లీ హైకోర్టు 2016లో యూనివర్సిటీ జిరాక్సు కేసులో ఆ మాట చెప్పింది. కానీ మీ ఆదివారం గ్రంథాలయం క్లాసు కిందికొస్తుందని వాదించుకునే పని మీకెందుకు? చర్చకోసం ఒక్క బొమ్మ గడిని పెద్దది చేసి గోడకి అంటించండి, సరిపోతుంది. నిజానికి పిల్లలకి మొత్తం పుస్తకం కంటే ఒక్క గడి ముందు ఎక్కువసేపు నిలబడటం మంచిది.

ఇంగ్లీషు సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. మీ పిల్లల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు ఎక్కదు. అనువదించి చదివి వినిపించొద్దు, నిద్రపోతారు. నేను మాటల బుడగల మీద చిన్న తెల్లకాగితం ముక్కలు పెట్టి, బొమ్మ చూసి మాట మీరే చెప్పండి అంటాను. పోయినేడు ఒక ఆరో తరగతి పిల్లాడు పుర్రె గుహలో సింహాసనం మీద కూర్చున్న ఫాంటమ్ చేత "ఏందబ్బయ్యా, అడక్కుండా లోపలికొచ్చావ్, మీ ఇల్లనుకున్నావా?" అనిపించాడు. లీ ఫాక్ రాసిన మాట కంటే అదే బాగుంది. ఆ వారం నుంచి మా గదిలో ఫాంటమ్ అల్లూరు మనిషి.

ఇప్పుడు అసలు విషయం, కామిక్సూ దేశం సంగతులూ ఒకేచోట పెట్టడం. ఇందులో నేను బాగా దెబ్బతిన్నాను. 2019 ఎన్నికల వేసవిలో బల్లమీద ఒకవైపు కామిక్, ఇంకోవైపు ఆవాళ్టి పేపరు పెట్టి మాట్లాడించేవాణ్ణి. పిల్లలు బాగానే ఉన్నారు. వాళ్ళని దింపడానికొచ్చిన పెద్దవాళ్ళు మెట్లు దిగి వెళ్ళలేదు, కూర్చున్నారు. ఒకాయన ఒక పార్టీ, ఇంకొకాయన ఇంకోటి. మూడో ఆదివారానికి గొంతులు లేచాయి, నాలుగో ఆదివారానికి పిల్లలు సగమయ్యారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చోరు. తప్పు వాళ్ళది కాదు. నా అభిప్రాయం నా మొహంలోనే కనపడుతుంటే మిగతావాళ్ళది గొంతులో కనపడింది.

ఆ తర్వాత ఒక రూలు పెట్టుకున్నాను. గదిలో ఉన్న పిల్లల్లో పెద్దవాడి వయసు కంటే వార్త పాతదై ఉండాలి. కామిక్ ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరం వార్త. అంతే. ఇవాళ్టి సంగతి నేను తేను. అది దానంతటదే నడుచుకుంటూ వస్తుంది, పిల్లలే తెస్తారు. వాళ్ళు తెచ్చినప్పుడు ఎవరూ కొట్టుకోరు.

ఉదాహరణకి బహదూర్. మీ పెట్టెలో తప్పకుండా ఉంటాడు, కాషాయరంగు కుర్తా, జీన్స్ ప్యాంటు. ఆబిద్ సుర్తీ పుట్టించిన పాత్ర, బొమ్మలు గోవింద్ బ్రాహ్మణియా వేసేవారు. 1976 డిసెంబర్లో వచ్చాడు. ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలైంది, మొదటి 32 సంచికలూ ఫాంటమే, ఆ తర్వాతా అన్నీ అరువు హీరోలే. పన్నెండేళ్ళ తర్వాత మన మనిషి ఒకడు వచ్చాడన్నమాట. వాడెవడు? పోలీసుల చేతిలో చచ్చిపోయిన బందిపోటు కొడుకు. పెరిగి పెద్దయి, బందిపోట్లని ఎదుర్కోవడానికి ఊరివాళ్ళతో పౌర రక్షణ దళం కడతాడు. ఇక్కడ పుస్తకం మూసి పిల్లలకి మూడు తేదీలు చెప్తాను. 1972లో చంబల్ బందిపోట్లు వందల సంఖ్యలో తుపాకులు దించి జయప్రకాశ్ నారాయణ్ ముందు లొంగిపోయారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి ఆ జయప్రకాశ్ నారాయణ్‌నే అరెస్టు చేశారు. 1976 డిసెంబర్లో, ఎమర్జెన్సీ ఇంకా నడుస్తుండగానే, బందిపోటు కొడుకు హీరోగా ఈ పుస్తకం రైల్వే స్టేషన్ బుక్ స్టాల్లో వేలాడింది. అంతవరకే చెప్పి ఊరుకుంటాను. "బందిపోట్లు ఆయన మాట విన్నారంటే మంచాయనే గదా, మరి జైల్లో ఎందుకు పెట్టారు తాతా?" అని ఒకడు అడుగుతాడు. "పోలీసులుండగా ఊళ్ళోవాళ్ళు దళం కట్టుకోవడం ఏంది?" అని ఇంకొకడు. ఈ రెండో ప్రశ్న మీద ఒక వారం గంటన్నర మాట్లాడుకున్నారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఫాంటమ్‌తో ఇంకో తమాషా ఉంది. అసలు కథలో వాడి అడివి ఉండే దేశం పేరు బెంగాలీ, తర్వాత బెంగాలా. మన ఇంద్రజాల్ వాళ్ళు దాన్ని డెంకాలీ చేశారు. సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్, ఇక్కడ సింగా అయింది. ఎందుకు మార్చారో పిల్లల్నే చెప్పమనండి. మన దేశంలో బెంగాలీలు ఎంతమంది, సింగ్ అన్న పేరున్నవాళ్ళు ఎంతమంది అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. కథల పుస్తకంలో ఊరి పేరు మార్చినా దాని వెనక ఒక భయమో ఒక మర్యాదో ఉంటుందని అర్థమవుతుంది. అక్కణ్ణుంచి మన ఇంటికి రండి. మా చిన్నప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా పుట్టి కందుకూరుని తీసుకుంది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2008లో నెల్లూరు పేరుకి ముందు పొట్టి శ్రీరాములు గారి పేరు వచ్చింది. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాకి వచ్చింది. పిల్లల్ని ఇళ్ళకి పంపి తాత ఆధార్ కార్డులో, నాన్న పదో తరగతి సర్టిఫికెట్లో, తమ బర్త్ సర్టిఫికెట్లో జిల్లా పేరు ఏముందో రాసుకురమ్మనండి. సింగరాయకొండ కందుకూరుకి పక్కనే కాబట్టి మీ దగ్గర ఇది బ్రహ్మాండంగా పండుతుంది. ఒకే ఇంట్లో రెండు మూడు పేర్లు వస్తాయి, ఎవరూ ఇల్లు మారకుండానే.

ఒక హెచ్చరిక. ఈ కథలు ఏ మచ్చా లేని మంచివి కావు. నాలుగువందల ఏళ్ళుగా, ఇరవయ్యొక్క తరాలుగా ఒక తెల్లదొర వంశం నల్లవాళ్ళ అడివిలో న్యాయం చెప్తుంటుంది, వాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడతారు. చిన్నప్పుడు నాకు ఇది తట్టనే లేదు. మా గదిలో ఒక ఏడో తరగతి అమ్మాయి మొదటిరోజే అడిగింది, "అంతమందిలో ఒక్కళ్ళకి కూడా ఆ పని చేతకాదా?" అని. సమాధానం నా దగ్గర లేదు. ఆమె చేతికి డాక్టర్ లువాగా ఉన్న పుస్తకం ఇచ్చాను. అరవైల్లో ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రం తెచ్చుకుంటుంటే ఫాంటమ్ కథలోకీ ఒక నల్ల ప్రెసిడెంటు వచ్చాడు, ఆయనే లువాగా. అధికారం గుంజుకోవాలని చూసే జనరల్ బబాబు కూడా ఉంటాడు. బయట ప్రపంచం మారితే అడివిలో కూడా మారక తప్పలేదు. ఆ అమ్మాయి చదివి, "అయినా ఆఖర్న ఫాంటమే వచ్చి కాపాడాడు" అని పుస్తకం బల్లమీద పెట్టేసింది. ఆ మాట మీద నాకు వాదన లేదు. ఇలాంటి ప్రశ్న మీ దగ్గరా వస్తుంది, వచ్చినప్పుడు కథని వెనకేసుకు రాకండి.

అంతరిక్షంలో తిరిగే హీరో ఫ్లాష్ గార్డన్‌తో శ్రీహరికోట చెప్పుకోవచ్చు. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడటం, 1980 జూలై 18న అదే ఎగరడం. ఇది తేలిక, ఎవరూ కొట్టుకోరు, ఎక్కువ మాటా రాదు. వాన పడి పిల్లలు తక్కువ వచ్చిన రోజుకి పెట్టుకోండి.

ఆనాటి పేపర్లు ఎక్కడ దొరుకుతాయంటారేమో. మీ స్టేషన్లోనే ప్యాసింజరెక్కి వేటపాలెంలో దిగండి, చీరాలకి ఇవతల. అక్కడ 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో ఆ భవనానికి గాంధీ గారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలకి దాన్ని మించిన చోటు మన వైపు లేదు. వెళ్ళేముందు ఏ నెల కావాలో రాసుకుని వెళ్ళండి, లేకపోతే నాలాగా సినిమా ప్రకటనలు చూస్తూ సాయంత్రం రైలు పోగొట్టుకుంటారు. పుస్తకాల వెనక అట్టమీది ప్రకటనలూ వదలకండి, పాపిన్స్ బిళ్ళల రామ్, శ్యామ్ కవలల బొమ్మలు చూపించి ధర చదివిస్తే చాలు, ఇవాళ్టి ధర మాట వాళ్ళే ఎత్తుతారు.

ఇక ఆ తండ్రి. మీరు గవర్నమెంటు టీచరైతే ముందు మీ జాగ్రత్త చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, అదీ 1964 నాటిదే, ఇంద్రజాల్‌తో ఈడుది, ఉద్యోగి రాజకీయాల్లో తలదూర్చకూడదంటుంది. ఆయన నోటిమాట ఒక ఫిర్యాదు కాగితమైతే మీకు లేనిపోని టెన్షన్. కాబట్టి "రాజకీయాలు కాదండీ" అని వాదించకండి. వచ్చే ఆదివారం వచ్చి కూర్చోమనండి.

మా గదికి కూడా ఒకాయన అట్లాగే వచ్చాడు, కలిగిరి వైపు మనిషి. ఆ రోజు ముచ్చట దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వాచకంలో ఒక పాఠం, ఊళ్ళో ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ. రాత్రిబడిలో దాన్ని కూడబలుక్కుని చదివిన ఆడవాళ్ళు, మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. దూబగుంటలో రోశమ్మ ముందుపడింది. ఊరి నుంచి ఊరికి పాకి, 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మద్యం మొత్తం నిషేధించారు. అది తర్వాత ఎత్తేశారు, అది వేరే కథ. నేను ఇంతవరకు చెప్పి, "కథ చదివి మనుషులు ఏదన్నా చేస్తారా, చేయరా?" అని పిల్లల్ని అడిగాను. వెనక నిలబడ్డ ఆయన గొంతు సవరించుకున్నాడు. అప్పటికి తనకి తొమ్మిదేళ్ళట. వాళ్ళమ్మ కొంగులో కారప్పొడి మూట కట్టుకుని, చేతిలో చీపురు పట్టుకుని సారా బండికి అడ్డం వెళ్ళిందట. ఆ మూట విప్పి వాసన చూసి తను తుమ్మితే ఆమె నెత్తిన ఒకటి వేసిందట. "ఏం చూస్తావురా, కూరలోకి కాదు" అని. పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వి, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ కొడుకు ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఆ సంగతి వాడికి ఇంట్లో ఎవరూ చెప్పలేదట.

ఆయన మారిపోయాడని చెప్పను. ఇప్పటికీ "ఇవన్నీ మార్కులకి పనికొస్తాయా సార్" అని గొణుగుతాడు. కాకపోతే కుర్చీ తనే తెచ్చుకుంటాడు.

123, 124 అడిగారు కదా. అవి నా దగ్గర లేవు, ఎవరి దగ్గరా ఉండవు. టైమ్స్ వాళ్ళ ప్రెస్సులో సమ్మె జరిగి ఆ రెండు నంబర్లూ అచ్చే కాలేదు. అందుకే 1990లో ఆగిపోయేసరికి నంబర్ల లెక్క 805 అయినా వచ్చిన సంచికలు 803. ఇది తెలియక నేను పదకొండేళ్ళు వెతికాను. మూర్ మార్కెట్‌లో ఒక ముసలాయన "రెండూ ఉన్నాయి, గోడౌన్‌లో, వచ్చే ట్రిప్పుకి తెస్తా" అని నా దగ్గర రెండు రూపాయలు అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. నాలుగు ట్రిప్పులు తిరిగాను.